సంఖ్యోపాసకుడు శ్రీనివాస రామానుజన్

సత్యాన్వేషణమునకు మార్గములు పెక్కులు. కొందఱు శాస్త్రవిచారముచేతను, కొందఱు భక్తిచేతను, మఱికొందఱు నిష్కామకర్మచేతను దానిని సమీపింతురు. ఒక్క సంఖ్యను ఎదుట నుంచుకొని, దాని స్వభావ మెట్టిదో తేటపడువఱకు ఆహారనిద్రలను మఱచి కూర్చుండుటయు నట్టి మార్గములలో నొకటియే యని తన జీవితముచే చాటిన మహనీయుడు శ్రీనివాస రామానుజన్. ఆయన జీవించినది ముప్పదిరెండు సంవత్సరముల నాలుగు మాసములు మాత్రమే. అందు అధికభాగము పేదఱికముతోను, చివరి మూడు సంవత్సరములు వ్యాధితోను గడచినవి. అయినను ఆయన వ్రాసి యుంచిన ఫలితములను పరిశీలించుటకు లోకమునందలి గణితజ్ఞులకు నూఱు సంవత్సరములు చాలలేదు.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన తమిళదేశమందలి ఈరోడు పట్టణమున మాతామహుల గృహమున జన్మించెను. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణములో నొక వస్త్రవ్యాపారి యంగడిలో లెక్కలు వ్రాయు గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దైవభక్తి గల యిల్లాలు. ఆలయమున భజనకీర్తనలు పాడి సంసారమునకు కొంత తోడ్పడుచుండెడిది. నామక్కల్ క్షేత్రమున వెలసిన నామగిరి అమ్మవారు ఆ కుటుంబమునకు ఇలవేల్పు. ఆ దేవిని ప్రార్థించిన పిమ్మటనే యీ శిశువు కలిగెనని ఇంటి పెద్దలు విశ్వసించిరి. ఆ విశ్వాసమును రామానుజన్ జీవితాంతము నిలుపుకొనెను. తనకు స్ఫురించిన సూత్రములను నామగిరి దేవి స్వప్నమున అనుగ్రహించినవిగా ఆయన మిత్రులతో చెప్పుకొనుచుండెను.

కుంభకోణమందలి టౌన్ హైస్కూలులో విద్య సాగుచుండగా, 1903లో ఆయనకు కార్ అను ఆంగ్లేయుడు సంకలనము చేసిన గణితగ్రంథ మొకటి లభించెను. అందు సుమారు ఐదువేల ఫలితములు వరుసగా పేర్కొనబడియున్నవి. నిరూపణములు మాత్రము మిక్కిలి క్లుప్తములు, కొన్నింటికి లేనే లేవు. సామాన్య విద్యార్థి యట్టి గ్రంథమును తెఱచి వెంటనే మూసివేయును. పదునాఱేండ్ల రామానుజనుకు అది నిధివలె తోచెను. ఒక్కొక్క ఫలితమును తానే సాధించుకొనుచు, దానినుండి గ్రంథమున లేని క్రొత్త ఫలితములను కనుగొనుచు ఆయన ముందునకు సాగెను. సిద్ధాంతమును చెప్పి నిరూపణమును విడుచు నలవాటు ఆయనకు ఈ గ్రంథమునుండియే సంక్రమించెనని పలువురి యభిప్రాయము.

ఈ తన్మయత్వమునకు ఆయన లౌకికముగా పెద్ద మూల్యము చెల్లింపవలసివచ్చెను. 1904లో ప్రభుత్వ కళాశాలలో విద్యార్థివేతనముతో చేరిన రామానుజన్ గణితము తప్ప అన్య విషయములను ముట్టకపోవుటచే ఆ వేతనమును కోల్పోయెను. 1905లో ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి, మన ఆంధ్రదేశపు తీరమున నున్న విశాఖపట్టణమునకు వచ్చి కొంతకాలము గడపి, మరల ఇల్లు చేరెను. పిదప మదరాసులోని పచ్చయ్యప్ప కళాశాలలో చేరినను, గణితమున తప్ప ఇతర విషయములలో ఉత్తీర్ణుడు కాలేదు. 1909లో జానకితో వివాహము జరిగెను. పట్టము లేదు, ఉద్యోగము లేదు. కాగితము కొనుటకు ద్రవ్యము చాలక, లెక్కలన్నియు పలకపై చేసి, మోచేతితో తుడిచివేసి, తుది ఫలితమును మాత్రము నోటుపుస్తకములో వ్రాసికొనుచుండెను. ఆ నోటుపుస్తకములే ఆయన ఆస్తి.

వానిని చంకనిడుకొని ఆయన పలువురిని ఆశ్రయించెను. భారత గణితసంఘ స్థాపకుడు రామస్వామి అయ్యరు ఆ పుటలను చూచి వాని విలువను గుర్తించెను. నెల్లూరు కలెక్టరుగా నుండిన దివాన్ బహదూర్ రామచంద్రరావు ఆయన మాటలను శ్రద్ధతో విని, నెలకు ఇరువదియైదు రూపాయలు తన సొంత ధనమునుండి పంపుచుండెను. పని చేయక ఒకరి ధనముపై జీవించుట రామానుజను మనస్సునకు హితవు కాలేదు. 1912 మార్చి 1వ తేదీన ఆయన మదరాసు రేవు సంస్థలో నెలకు ముప్పది రూపాయల జీతముపై గుమాస్తాగా చేరెను. అచ్చటి యధికారులు నారాయణ అయ్యరు, సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఆయన ప్రతిభ నెఱిగి ప్రోత్సహించిరి.

1913 జనవరి 16వ తేదీన రామానుజన్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమందలి హార్డీ అను గణితాచార్యునకు ఒక లేఖ వ్రాసెను. దానితోపాటు నిరూపణములు లేని ఫలితములు పుటలకొలది పంపెను. హార్డీ తన మిత్రుడు లిటిల్‌వుడ్‌తో కలిసి వానిని పరిశీలించెను. కొన్ని పూర్వమే లోకమునకు తెలిసినవి. కొన్ని కష్టముతో నిరూపింపదగినవి. మఱికొన్ని మున్నెన్నడును కనివిని యెఱుగనివి. వ్రాసినవాడు అసాధారణ ప్రతిభావంతుడని వారు నిశ్చయించిరి. కాని సముద్రయానమునకు రామానుజన్ మొదట సమ్మతింపలేదు. ఆచారము అడ్డు నిలిచెను. నామక్కల్ ఆలయమున చేసిన ప్రార్థనల పిదప, కుమారుని దారికి అడ్డు రావలదని అమ్మవారు తల్లికి స్వప్నమున ఆజ్ఞాపించెననియు, అందుపై ఆమె యనుమతి నొసగెననియు చెప్పుదురు. 1914 మార్చి 17వ తేదీన ఆయన ఓడ నెక్కెను. జానకి ఇంటనే నిలిచెను.

కేంబ్రిడ్జిలో రెండు భిన్న సంప్రదాయములు ఒక్కచోట కలిసినవి. రామానుజనుకు ఫలితము మెఱుపువలె గోచరించును. గోచరించినదానిని ఆయన సంశయింపడు. హార్డీ దైవమును నమ్మనివాడు. నిరూపణము లేని వాక్యమును గణితముగా అంగీకరింపనివాడు. రామానుజన్ చూచినవన్నియు సత్యములు కాలేదు. ప్రధాన సంఖ్యల వ్యాప్తినిగూర్చి ఆయన మొదటి లేఖలలో తెలిపిన కొన్ని ఫలితములు సరియైనవి కావని తేలెను. ఆయనకు నిరూపణమార్గమును నేర్పవలెను. కాని ఆ నేర్పుటలో సహజస్ఫూర్తి చెడరాదు. ఈ సున్నితమైన బాధ్యతను హార్డీ గురుత్వముతో గాక స్నేహముతో నిర్వహించెను. రామానుజన్ కూడ తాను మెచ్చిన దర్శనమును శాస్త్రపు అగ్నిలో పుటము పెట్టుటకు వినయముతో అంగీకరించెను. ఆ కూడికకు చక్కని ఫలము 1915లో లండన్ గణితసంఘ పత్రికలో వెలువడిన ఆయన దీర్ఘవ్యాసము. అఱువది పుటలకు మించిన ఆ వ్యాసమునకు విషయము అత్యంత సంయుక్త సంఖ్యలు.

ఒక పూర్ణసంఖ్యను శేషము లేకుండ భాగింపగల సంఖ్యలకు భాజకములని పేరు. 7వంటి ప్రధాన సంఖ్యకు 1, 7 అను రెండే భాజకములు. అది తన్ను పంచుకొన నెవ్వరికిని చోటీయదు. 12 అట్టిది కాదు. 1, 2, 3, 4, 6, 12 అని దానికి ఆఱు భాజకములు కలవు. 12కంటె చిన్న సంఖ్యలలో దేనికిని ఇన్ని భాజకములు లేవు. ఇట్లు తనకంటె చిన్నవైన సమస్తసంఖ్యలను భాజకముల లెక్కలో మించిన సంఖ్యకు రామానుజన్ అత్యంత సంయుక్త సంఖ్యయని పేరిడెను. 12 తరువాత 24, 36, 48, 60, 120 అను సంఖ్యలు ఈ వరుసలో నిలుచును. దినమునకు అఱువది గడియలు, గడియకు అఱువది విగడియలు, ప్రభవాది సంవత్సరములు అఱువది, రాశులు పండ్రెండు, వృత్తమునకు మూడువందల అఱువది భాగములు. సులభముగా పంచుకొనుటకు వీలైన ఈ సంఖ్యలు ప్రాచీనుల కాలగణనమున నిట్లు పదేపదే కానవచ్చును. 360 సైతము అత్యంత సంయుక్త సంఖ్యయే.

రామానుజన్ తన వ్యాసమున ఇట్టి సంఖ్యల పట్టిక నొకదానిని కూర్చెను. అందలి 102 సంఖ్యలలో తుదిది 67,46,32,83,88,800. అనగా ఆఱు లక్షల డెబ్బదినాలుగు వేల ఆఱువందల ముప్పదిరెండు కోట్ల ఎనుబదిమూడు లక్షల ఎనుబదియెనిమిది వేల ఎనిమిదివందలు. గణనయంత్రములు లేని ఆ కాలమున ఇంతటి సంఖ్యకు గల భాజకములను ఒక్కొక్కటిగా వెదకుట యెవ్వరికిని సాధ్యము కాదు. వెదకవలసిన పనియు లేదు. దాని నిర్మాణ మెఱిగినచో చాలును. 2ను ఆఱు మాఱులు, 3ను నాలుగు మాఱులు, 5ను రెండు మాఱులు, 7ను రెండు మాఱులు, 11, 13, 17, 19, 23లను ఒక్కొక్క మాఱు తీసికొని, అన్నిటిని హెచ్చించినచో ఆ సంఖ్య వచ్చును. ఒక్కొక్క ప్రధాన సంఖ్య యెన్ని మాఱులు వచ్చెనో ఆ లెక్కకు ఒకటి చేర్చి, చేర్చగా వచ్చినవానిని హెచ్చించిన భాజకముల లెక్క తేలును. 7, 5, 3, 3 అనువానిని, ఐదు 2లను హెచ్చింపగా 10,080 వచ్చును. ఇది ఆ మహాసంఖ్యకు గల భాజకముల లెక్క. దానికంటె చిన్న సంఖ్యలలో ఇన్ని భాజకములు గలది మఱియొకటి లేదు.

ఆ నిర్మాణమందు ఒక క్రమము కలదు. 2 ఆఱు మాఱులు, 3 నాలుగు, 5 రెండు, 7 రెండు, పిమ్మటివి ఒక్కొక్కటి. ఎచ్చటను పెరుగుట లేదు, నడుమ నే ప్రధాన సంఖ్యయు విడువబడలేదు. ఇది యాదృచ్ఛికము కాదు. పెద్ద ప్రధాన సంఖ్య చిన్నదానికంటె ఎక్కువ మాఱులు వచ్చినచో, ఆ రెంటి స్థానములను మార్చిన చాలును. భాజకముల లెక్క మాఱదు, సంఖ్య మాత్రము చిన్నదగును. అప్పుడు మొదటిది అత్యంత సంయుక్తము కానేరదు. అట్లే 4, 36 అను రెండు సంఖ్యలను మినహాయించి, తక్కినవన్నిటియందును చివరి ప్రధాన సంఖ్య ఒక్క మాఱే రావలెనని రామానుజన్ నిరూపించెను. ఇట్టి నియమములను ఒకదానిపై నొకటిగా నిర్మించుచు, ప్రతి ప్రధాన సంఖ్య యెన్ని మాఱులు రాదగునో దాని యెల్లలను ఆయన నిర్ణయించెను. ఆ అసమీకరణములను నడపుటలో ఆయన చూపిన నేర్పు హార్డీ మెప్పు నందెను. స్ఫూర్తిమాత్రముచే సూత్రములు వ్రాయువాడని పేరుపడిన రామానుజన్, అడుగడుగున హేతువు చూపుచు నడువగల సమర్థుడని ఈ వ్యాసము లోకమునకు తెలిపెను. 1916 మార్చిలో కేంబ్రిడ్జి ఆయన కొసగిన పట్టమునకు ఆధారము ఈ వ్యాసమే. రెండు కళాశాలలలో పరీక్ష దాటలేకపోయినవానికి ఈ విధముగా విద్యాపట్టము లభించెను.

ఆ పట్టికలో నొక లోపము కలదు. 2,93,31,86,25,600 అను సంఖ్య అందు చేరలేదు. పట్టిక చివరి సంఖ్యను 23చే భాగించినచో ఇదియే వచ్చును. దీనికి భాజకములు 5040. దీనికంటె చిన్నదగు నే సంఖ్యకును ఇన్ని భాజకములు లేవు. కనుక ఇది నిశ్చయముగా ఆ వరుసకు చెందినదే. జారిపోయిన ఈ సంఖ్యయందు వింతయైన గుణ మొకటి కలదు. దీని భాజకములు 5040, 5040కి భాజకములు 60, 60కి 12, 12కు 6, 6కు 4. ఈ ఆఱు సంఖ్యలును అత్యంత సంయుక్త సంఖ్యలే.

ఈ లోపము రామానుజను కీర్తికి కళంకము కాలేదు. అది ఆయన మార్గమందలి గొప్పదనమునే తెలుపుచున్నది. సంఖ్యలను కంటితో చూచి కూర్చిన పట్టికలో ఒకటి జాఱిపోవచ్చును. హేతువుచే స్థాపించిన నియమములో నేదియు జాఱదు. ఆయన నియమములను చేతబట్టుకొని ఆ దారిన నడచిన వారెవరికైనను విడువబడిన సంఖ్య దొరకితీరును. శిష్యుడు గురువు పట్టికను దిద్దుటకు గురువు బోధించిన సూత్రమే సాధన మయ్యెను. సత్యము దానిని కనుగొనిన వ్యక్తిని ఆశ్రయించి యుండదు. వ్యక్తి పొరబడినను అది చెక్కుచెదరక నిలుచును. వేదమును అపౌరుషేయమని మన పెద్దలు చెప్పుటలోని భావమును గ్రహించినవారికి ఈ విషయము క్రొత్త కాదు.

ఆ వ్యాసమునకు మఱియొక కథయు కలదు. 1914 ఆగష్టులో ఆరంభమైన యుద్ధమువలన లండన్ గణితసంఘమునకు ధనము కొఱవడెను. వ్యయము తగ్గించుటకై రామానుజన్ తన వ్రాతలో చివరి భాగమును ప్రకటింపక విడిచెను. ఆ భాగము దశాబ్దములకొలది అచ్చునకు దూరముగ నుండి, 1997లో ఇద్దఱు ఫ్రెంచి గణితజ్ఞుల వివరణతో వెలువడెను. అందు ఒక సంఖ్యయొక్క భాజకముల మొత్తము ఎంతవఱకు పెరుగగలదను ప్రశ్న విచారింపబడినది. 1859లో రీమాన్ ప్రతిపాదించిన పరికల్పన సత్యమైనచో ఆ మొత్తమునకు ఒక హద్దు ఏర్పడునని రామానుజన్ కనుగొనియుండెను. ఆ యిద్దఱిలో నొకడగు రోబిన్ 1984లో ఈ విషయమునే మఱింత దృఢపఱచెను. 5040ని మించిన సమస్తసంఖ్యలును ఆ హద్దునకు లోబడియున్నచో రీమాన్ పరికల్పన సత్యమగును. ఆ పరికల్పన సత్యమైనచో అవి లోబడియుండును. ఆ పరికల్పన నేటికిని నిరూపింపబడలేదు. పలకపై సంఖ్యలను పంచుచు కూర్చుండిన యువకుని యాసక్తి, గణితశాస్త్రమున మిక్కిలి గూఢమైన ప్రశ్నను ఇట్లు తాకినది.

కేంబ్రిడ్జిలో రామానుజన్ ఆచారమును విడువలేదు. శాకాహారమునే స్వయముగా వండుకొని భుజించుచుండెను. యుద్ధకాలమున తగిన కూరగాయలు దొరకుట కష్టమయ్యెను. చలి, ఒంటరితనము, వేళ తప్పిన భోజనము దేహమును క్రుంగదీసినవి. ఆ దినములలో అచ్చట విద్యార్థిగా నుండిన మహలనోబిస్ ఆయనకు మిత్రుడు. శూన్యము నిర్గుణబ్రహ్మమునకు చిహ్నమనియు, అనంతము సమస్త వ్యక్తరూపముల సమష్టియనియు, ఆ రెంటి కలయికనుండి పరిమితసంఖ్యలు వెలువడుచున్నవనియు రామానుజన్ తనతో ముచ్చటించుచుండెనని ఆయన తెలిపియున్నాడు. హార్డీ మాత్రము రామానుజను మతము బాహ్యాచారమునకు మించినది కాదని తలచెను. ఒకే వ్యక్తిని ఇద్దఱు మిత్రులు రెండు విధముల చూచిరి. ఆయన యే సంఖ్యను తడవినను దానియందు జీవముగల తత్త్వమును చూచినట్లు మెలగెననుట మాత్రము ఇరువురి మాటలవలనను తెలియుచున్నది. పట్నీలోని వైద్యశాలలో వ్యాధితో మంచము పట్టియున్నను, హార్డీ ఎక్కి వచ్చిన బండి సంఖ్య 1729 అని వినిన తోడనే, రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో నదియే మిక్కిలి చిన్నదని ఆయన చెప్పిన వృత్తాంతము సుప్రసిద్ధము. 1, 12ల ఘనములను కూడినను, 9, 10ల ఘనములను కూడినను 1729 వచ్చును.

1917 వసంతమున ప్రారంభమైన వ్యాధి తగ్గలేదు. 1918లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను. అదే సంవత్సరము అక్టోబరులో ట్రినిటీ కళాశాల సభ్యత్వమొసగెను. మదరాసు విశ్వవిద్యాలయము సంవత్సరమునకు 250 పౌనుల వేతనము మంజూరు చేసెను. ఆ వార్త విని రామానుజన్ 1919 జనవరిలో విశ్వవిద్యాలయమునకు వ్రాసిన లేఖ స్మరణీయము. తాను స్వదేశము చేరిన పిమ్మట ఆ ధనము తన అవసరములకు మించునని భావించి, తల్లిదండ్రులకు ఏటేట 50 పౌనులు చెల్లించి, తన వ్యయములు పోగా మిగిలినదానిని పేద బాలురకును, అనాథలకును పాఠశాలరుసుము తగ్గించుటకును, పుస్తకములు సమకూర్చుటకును వినియోగింపవలసినదిగా కోరెను. కాగితము కొనలేక పలకపై లెక్కలు తుడుచుకొన్న దినములను ఆయన మఱువలేదు. శేషము లేకుండ పంచబడు సంఖ్యలను ఎంచి పట్టిక కూర్చినవాడు, తనకు లభించినదానిని కూడ పదుగురకు పంచుటకే తలపెట్టెను.

1919 మార్చి 27వ తేదీన ఆయన బొంబాయి చేరెను. దేహము ఎముకలగూడై యుండెను. జానకి ప్రక్కన నుండి పరిచర్య చేయుచుండగా, మంచముపై నుండియే రామానుజన్ కాగితములు నింపుచుండెను. 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన కడపటి లేఖలో క్రొత్త తీరు ఫలనములను వర్ణించెను. 1920 ఏప్రిలు 26వ తేదీన మదరాసులోని చేట్‌పట్‌లో ఆ జీవితము ముగిసెను. ఆయన చివరి కాలపు వ్రాతలు ట్రినిటీ కళాశాల గ్రంథాలయమున మఱుగుపడి, 1976లో ఆండ్రూస్ అను గణితజ్ఞుని కంటబడినవి. ఆయన జన్మదినమగు డిసెంబరు 22వ తేదీ 2012 నుండి భారతదేశమున జాతీయ గణితదినముగా జరుపబడుచున్నది.

రామానుజను ప్రతిభను పుట్టుకతో వచ్చిన వరమని చెప్పి ఊరకుండుట సులభము. ఆయన యట్లు ఊరకుండలేదు. అనుగ్రహముగా లభించినదని తాను నమ్మినదానిని కూడ పరీక్షకు నిలిపెను. పరీక్షకు నిలువనిదానిని విడిచెను. నిలిచినదానిని దేహము సహకరింపని దినములలో సైతము పెంపొందించెను. దర్శనము దేవి యిచ్చునది, నిరూపణము మానవుడు చేయవలసినది. ఈ రెంటిలో దేనిని విడిచినను సాధన పూర్ణము కాదు. పూజామందిరమునందే గాక, చిన్న లెక్క యెదుటను సత్యమునకు తలయొగ్గి కూర్చుండు ప్రతి విద్యార్థియు ఆయన మార్గమున నడచుచున్నవాడే.